కుక్కల ఆహారం: తోడేలు వారసత్వం, ఊరి పొయ్యి

కుక్క పూర్వీకుడు తోడేలు. ఈ ఒక్క మాటను పట్టుకొని కుక్కల తిండి మీద రెండు నమ్మకాలు పుట్టాయి. తోడేలు పచ్చిమాంసం తింటుంది గనుక కుక్కకూ అదే పెట్టాలన్నది ఒకటి. హైదరాబాద్ వంటి నగరాల్లో కుక్కలను ముద్దుగా పెంచుకునే ఇళ్లలో ఇది వినిపిస్తుంది. వేల ఏళ్లుగా మనిషి వేసిన ముద్ద తిని బతికింది గనుక మిగిలిన బువ్వ చాలునన్నది రెండోది. దీన్ని ఎవరూ వాదించరు గానీ పల్లెల్లో నడుస్తున్న అలవాటు అదే. తోడేలు ఒంటి తీరును, కుక్క జన్యువుల్లో వచ్చిన మార్పును పక్కపక్కన పెట్టి చూస్తే రెండింటిలోనూ సగం నిజమే కనిపిస్తుంది. కుక్క పళ్లు, కడుపు, ఎముకలు ఇప్పటికీ తోడేలు లెక్కనే అడుగుతాయి. ఆ లెక్కలో కొంత భాగాన్ని మనిషి పొయ్యి మీద ఉడికిన గింజతో పూరించుకునే శక్తి కుక్కకు తర్వాత వచ్చింది.

రేగొండ ఊరకుక్క

పరకాల నుంచి భూపాలపల్లి మీదుగా కాళేశ్వరం వెళ్లే జాతీయ రహదారి మీద రేగొండ ఉంది. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడేదాకా వరంగల్ జిల్లాలో ఉన్న ఈ మండలం ఇప్పుడు జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో భాగం. వరి, పత్తి, మిరప పండే నేల. మండలంలోని పాండవుల గుట్టల్లో 1990లో రాతి చిత్రాలు బయటపడ్డాయి. అడవి జంతువులు, విల్లంబులు ఆ బొమ్మల్లో ఉన్నాయి. మనిషీ తోడేలూ దగ్గరైన తొలినాళ్ల లోకం ఎలా ఉండేదో తలచుకోవడానికి ఆ గుట్టల నీడ తగిన చోటు. వేట దొరికిన రోజు కడుపు నిండడం, దొరకని రోజు ఎండడం అప్పట్లో ఇద్దరికీ ఒకటే.

ఇక్కడి ఊరకుక్కకు ఒక్క ఇల్లంటూ ఉండదు, నాలుగిళ్ల వాకిళ్లు దానివే. పొద్దున సద్ది బువ్వ, పగలు కొంచెం గంజి, రాత్రి గిన్నెలు కడిగే చోట మెతుకులు. ఆదివారం మాత్రం దాని నడక మారుతుంది. యాట కోసే చోటనో, చికెన్ సెంటర్ వెనకనో తెల్లవారకముందే కాపు కాస్తుంది. తోలు ముక్క, పేగు, కోడికాలు, బొక్క ఏది పడ్డా దానికి పండుగే. వారంలో ఆరు రోజులు గింజ, ఒక రోజు మాంసం. ఈ ప్రాంతపు కుక్క బతుకును ఇంతకన్నా పొట్టిగా చెప్పడం కష్టం.

ఒకప్పుడు ఆ సద్దిలో జొన్న గటుక, మక్క గటుక ఉండేవి. చెరువుల కింద, బావుల కింద వరి పెరిగి, 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక ఇంటి కుండలోకి తెల్ల బువ్వ చేరింది. మనిషి పళ్లెం మారితే కుక్క ముందు పడేదీ మారుతుంది. జొన్నలో నూటికి దాదాపు 10 పాళ్లు మాంసకృత్తులుంటే పాలిష్ పట్టిన బియ్యంలో 8 లోపే. తేడా చిన్నదే అనిపిస్తుంది గానీ, ఆ ఒక్కటే తిని బతికే ప్రాణికి చిన్నది కాదు.

ఏ తోడేలు?

లినేయస్ 1758లో కుక్కకు కానిస్ ఫెమిలియారిస్ అని, తోడేలుకు కానిస్ లూపస్ అని వేరువేరు పేర్లు పెట్టాడు. ఇప్పుడు చాలామంది శాస్త్రజ్ఞులు కుక్కను తోడేలులో ఒక ఉపజాతిగానే లెక్కిస్తారు. కొన్ని కుక్కజాతులు నక్క నుంచి వచ్చాయని జంతు ప్రవర్తనా శాస్త్రవేత్త కొన్రాడ్ లోరెంజ్ ఒకప్పుడు రాశాడు, తర్వాత ఆ మాట తానే వెనక్కి తీసుకున్నాడు. గోదావరి పక్క అడవుల్లో జనం రేచుకుక్క అని పిలిచే జంతువు పేరులోనే కుక్క. అది వేరే ప్రజాతికి చెందినది, కుక్కకు దూరపు చుట్టం మాత్రమే.

ఇవాళ బతికున్న ఏ తోడేలు మందా కుక్కకు నేరుగా తాత కాదు. కుక్కలు, నేటి తోడేళ్లు అంతరించిపోయిన పాత తోడేళ్ల నుంచి చీలిన రెండు పాయలు. 2022లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన 72 ప్రాచీన తోడేళ్ల జన్యువులను చదివి, కుక్కలు యూరప్ పక్కవాటికన్నా తూర్పు యూరేషియా పాత తోడేళ్లకు దగ్గరగా ఉన్నాయని తేల్చింది. జర్మనీలో బాన్ నగరం దగ్గర ఒబెర్‌కాసెల్‌లో 1914లో దొరికిన సమాధిలో ఇద్దరు మనుషుల పక్కన కుక్క ఉంది. దాని వయసు దాదాపు 14 వేల ఏళ్లు. వ్యవసాయం పుట్టకముందే కుక్క మనతో ఉందనడానికి ఆ గుంత గట్టి సాక్ష్యం.

మన దేశపు తోడేలు సంగతి ఇక్కడ ప్రత్యేకంగా చెప్పుకోవాలి. బక్కపలచని ఒళ్లు, పొట్టి బొచ్చు, బరువు ఇరవై కిలోల అటూఇటూ. ఆకారంలో మంచులో తిరిగే ఉత్తరాది తోడేలు కన్నా మన ఊరకుక్కకే దగ్గరగా కనిపిస్తుంది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధకులు తల్లివైపు నుంచి వచ్చే మైటోకాండ్రియా డీఎన్ఏను పరిశీలించి భారతీయ తోడేలు చాలా పాత, వేరు పాయ అని వాదించారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి మొదటి షెడ్యూల్‌లో చోటిచ్చింది. కృష్ణజింకలు, కుందేళ్లు, ఎలుకలు, మందలోంచి చిక్కిన మేకపిల్ల దాని తిండి. గుజరాత్‌లోని వెళావదర్ గడ్డిభూముల్లో తోడేళ్ల మలాన్ని పరిశీలిస్తే రేగుపండ్ల ఆనవాళ్లు కూడా దొరికాయి. తోడేలు మాంసం తప్ప ఇంకోటి ముట్టదనే మాట అక్కడే సడలిపోతుంది.

తోడేలు ముందున్న పళ్లెం

వేటాడిన జంతువును తోడేలు కండతో మొదలుపెట్టదు. కార్జం, గుండె, ఊపిరితిత్తులు, మూత్రపిండాలు ముందు తింటుంది. ఆ తర్వాత కండ, కొవ్వు, చివరకు తోలు, బొక్కలు. జింక పొట్టలోని నమిలిన గడ్డిని తిని తోడేలు కూరగాయల లోటు తీర్చుకుంటుందని చాలాచోట్ల రాస్తారు. తోడేళ్లను అర్ధశతాబ్దానికి పైగా గమనించిన డేవిడ్ మెక్ రాసింది వేరు: పెద్ద జంతువు పొట్ట సంచిని తింటాయి గానీ లోపలి గడ్డిని దులిపి పారేస్తాయి. పెద్ద వేట దొరికితే ఉత్తరాది తోడేలు ఒక్క పూట తొమ్మిది పది కిలోల దాకా మింగగలదు. తర్వాత రోజుల తరబడి ఏమీ ఉండదు. ఇంటి కుక్క గిన్నెలో ఎంత పోస్తే అంత ఊడ్చెయ్యడానికి కారణం ఆ పాత ఆకలి. దాన్ని అత్యాశ అనుకొని కొట్టడం అన్యాయం, ముద్దనుకొని మళ్లీ మళ్లీ పోయడం హాని. పెద్ద కుక్కకు రోజుకు రెండు పూటలు కొలిచి పెడితే చాలు.

2015లో నెదర్లాండ్స్ పరిశోధకులు అడవి తోడేళ్ల తిండిని లెక్కగట్టారు. శక్తిలో నూటికి 54 పాళ్లు మాంసకృత్తుల నుంచి, 45 పాళ్లు కొవ్వు నుంచి వస్తే పిండిపదార్థం నుంచి వచ్చేది ఒక్క పాలు. అంతకుముందు 2013లో మరో పరిశోధకుల బృందం ఐదు జాతుల కుక్కలకు రకరకాల తిండ్లు పెట్టి, నచ్చింది ఎంచుకోనిచ్చింది. అవి ఎంచుకున్న పాళ్లు: మాంసకృత్తులు 30, కొవ్వు 63, పిండి 7. ఈ అంకెలు చూసి పచ్చిమాంసమే సరైన తిండి అనేవారున్నారు. కానీ ఇష్టం వేరు, ఒంటికి పట్టడం వేరు. అడవిలో తోడేలు ఐదారేళ్లు బతికితే గొప్ప. పిల్లల్ని కని పెంచేదాకా నిలబెట్టే తిండి అది. పన్నెండు పదమూడేళ్లు మన వాకిట్లో బతకాల్సిన కుక్కకు అదే అత్యుత్తమమని ఆ లెక్క రుజువు చేయదు.

మన దేశపు వీధికుక్కల మీద మంచి పని కోల్‌కతా ఐసర్‌లో అనిందితా భద్ర బృందం చేసింది. అన్నం, రొట్టె, చెత్తకుప్ప తిని బతికే కుక్కలు మాంసం వాసన తగిలిన దాన్ని ముందు నోట పెట్టుకుంటాయని వాళ్ల ప్రయోగాల్లో తేలింది. లోపల పోషకం తక్కువే ఉన్నా ఆ వాసనే వాటికి దారి చూపిస్తుంది. నాకు ఇంకా ఆసక్తిగా అనిపించింది రెండో ఫలితం: మాంసం మీద ఈ మొగ్గు చిన్న కూనల్లో కనపడలేదు. అది పుట్టుకతో రాదు, పెరిగే కొద్దీ అబ్బుతుంది. తోడేలు వారసత్వమంటే నుదుటి రాత అనుకునేవారు ఈ కూనలను గుర్తుపెట్టుకోవాలి.

పొయ్యి మార్చిన కడుపు

2013లో స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయానికి చెందిన ఎరిక్ ఆక్సెల్‌సన్, సహచరులు 12 తోడేళ్ల జన్యువులను 60 కుక్కల జన్యువులతో పోల్చారు. పెంపకంలో మార్పు పడిన 36 చోట్లు బయటపడ్డాయి. వాటిలో సగానికి పైగా మెదడు పనికి సంబంధించినవి. పిండి అరుగుదలకు, కొవ్వు వినియోగానికి సంబంధించిన పది జన్యువులు కూడా ఆ చోట్లలో ఉన్నాయి. పిండిని విడగొట్టే అమైలేజ్ అనే ఎంజైమును తయారుచేసే జన్యువుకు తోడేలులో రెండే ప్రతులుండగా కుక్కల్లో 4 నుంచి 30 దాకా కనిపించాయి. కుక్క క్లోమంలో ఆ జన్యువు తోడేలు క్లోమంలో కన్నా 28 రెట్లు ఎక్కువగా పనిచేస్తోంది. అంటే పంట పండించిన మనిషి పక్కన ఉండి ఉండి కుక్క కడుపే మారింది.

ఈ మార్పు అన్ని కుక్కలకూ ఒకేలా రాలేదు. వ్యవసాయం లేని చోట పెరిగిన ఆస్ట్రేలియా డింగోకు రెండు ప్రతులే. మంచుదేశాల్లో చేపలు, సీల్ మాంసం తిన్న హస్కీ జాతులకూ తక్కువే. యూరప్‌లో దొరికిన దాదాపు 7 వేల ఏళ్ల నాటి కుక్క ఎముకల్లో అప్పటికే ప్రతులు పెరిగిన గుర్తులున్నాయి. దక్కన్‌లో చిరుధాన్యాలు, ఉలవలు, పెసలు పండించిన నవీనశిలాయుగపు ఊళ్లు దాదాపు 5 వేల ఏళ్ల కిందటివి. గటుక తినగల కడుపుకు అంత పాత వంశం ఉంది.

కుక్క ఉమ్మిలో అమైలేజ్ దాదాపు ఉండదు. నోట్లో నమలడంతో పిండి అరగడం మొదలయ్యేది మనిషికి. కుక్కకు ఆ పని అంతా చిన్నపేగులోనే. అందుకే గింజ మెత్తగా ఉడకాలి. పచ్చి నూకలు, సగం ఉడికిన మక్కలు తిన్న కుక్కకు అవి అరగకుండానే బయటికి వస్తాయి. కుక్కలో పెరిగిన ఆ జన్యువుకు జోడు మనిషి పొయ్యి.

తోడేలుగా మిగిలిపోయిన భాగమూ తక్కువ కాదు. రెంటికీ 42 పళ్లే. మాంసం కోసే పళ్లు, వెనక నలగ్గొట్టే పళ్లు రెండూ ఉంటాయి. పిల్లికి 30 పళ్లు, నలగ్గొట్టేవి దాదాపు లేనట్టే. పిల్లి పూర్తి మాంసాహారి. క్యారెట్‌లోని రంగు పదార్థం నుంచి విటమిన్ ఎ చేసుకోవడం పిల్లికి రాదు, కుక్కకు వస్తుంది. టారిన్ అనే పదార్థం పిల్లికి తిండిలోంచే రావాలి, కుక్క చాలావరకు సొంతంగా తయారుచేసుకుంటుంది. అయినా కుక్కకు పది రకాల అమైనో ఆమ్లాలు తిండిలోంచి తప్పక రావాలి. విటమిన్ డి కూడా అంతే, ఎండలో పడుకుంటే చర్మంలో చాలినంత తయారుకాదు. పిండిపదార్థానికి మాత్రం కనీస అవసరమంటూ ఏదీ లేదు. పెడితే వాడుకుంటుంది, లేకపోయినా నడుస్తుంది.

బువ్వ లెక్క

పదిహేను కిలోల ఊరకుక్కను తీసుకుందాం. పెద్ద పని లేకుండా వాకిట్లో ఉండేదానికి రోజుకు దాదాపు 800 కిలోకేలరీలు కావాలి. అమెరికాలో పెంపుడు జంతువుల తిండికి వాడే ఏఏఎఫ్‌సీఓ ప్రమాణం పెద్ద కుక్కకు ప్రతి వెయ్యి కిలోకేలరీలకు 45 గ్రాముల మాంసకృత్తులు ఉండాలంటుంది. మన కుక్కకు అది 36 గ్రాములు. బియ్యం ఒక్కటే వండి కడుపు నింపితే 225 గ్రాముల బియ్యం సరిపోతుంది గానీ అందే మాంసకృత్తులు 18 గ్రాములు, అంటే సరిగ్గా సగం. కడుపు నిండినా ఒళ్లు నిండని కుక్కలు మన ఊళ్లలో ఇన్ని ఎందుకున్నాయో ఈ సగం చెబుతుంది. బొచ్చు మెరుపు పోవడం, కండ కరగడం, పుండు త్వరగా మానకపోవడం దాని ఆనవాళ్లు.

అదే 150 గ్రాముల బియ్యం వండి, రెండు ఉడికిన గుడ్లు, వంద గ్రాముల కోడి కండో కందనకాయో ఉడికించి కలిపితే శక్తి అంతే ఉంటుంది, మాంసకృత్తులు 40 గ్రాములు దాటుతాయి. మాంసం ముట్టని ఇళ్లలో బువ్వలో పప్పు, పెరుగు, ఒక చెంచా నూనె కలపాలి. బియ్యంలో తక్కువైన లైసిన్ పప్పులో ఉంది, పప్పులో తక్కువైన మెథియోనిన్ బియ్యంలో ఉంది. పప్పన్నం మనకెందుకు పనికొచ్చిందో కుక్కకూ అందుకే పనికొస్తుంది. ఒక్క గుడ్డుకు ఆ ఇల్లు ఒప్పుకుంటే ఇంకా మేలు.

ఈ లెక్కలో ఎక్కువమంది మరిచేది సున్నం, అంటే కాల్షియం. తోడేలుకు అది బొక్కల నుంచి వస్తుంది. బువ్వలో, కండలో అది లేనట్టే. పైన చెప్పిన కుక్కకు రోజుకు ఒక గ్రాము కాల్షియం కావాలి. ఉడికించి ఎండబెట్టి మెత్తగా దంచిన గుడ్డు పెంకు అర చెంచా ఆ లోటు తీరుస్తుంది. రాగుల్లోనూ కాల్షియం బాగా ఉంది, కానీ గింజలోని ఫైటేట్ దాన్ని కొంత పట్టి ఉంచుతుంది. ప్రేమకొద్దీ కండ మాంసం మాత్రమే పెట్టే నగరపు ఇళ్లలో కూనల కాళ్లు వంగిపోవడం, ఎముక ఊరికే విరగడం ఈ లోటు వల్లే. మాంసంలో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం తక్కువ. ఒళ్లు ఆ లోటును సొంత ఎముకల్లోంచి తవ్వుకుంటుంది. తోడేలు తిండి పెడుతున్నామనుకుంటూ తోడేలు తిండిలోని సగాన్ని పారేయడమే ఇది.

పచ్చిమాంసం, మంద

రేగొండ వంటి చోట పచ్చిమాంసం గురించి మాట్లాడాలంటే గొర్రెల మంద గురించి మాట్లాడాలి. 2019 పశుగణనలో దాదాపు 1.9 కోట్ల గొర్రెలతో తెలంగాణ దేశంలో మొదటి స్థానంలో నిలిచింది. గొల్లకురుమల మంద వెంట ఎప్పుడూ కుక్క ఉంటుంది. గొర్రె తల ఒకవైపు వంచి గిరగిరా తిరిగి పడిపోయే జబ్బు కాపరులకు బాగా తెలుసు. దాని మూలం కుక్క పేగుల్లోని ఒక బద్దెపురుగు. పురుగు గుడ్లు కుక్క మలంతో గడ్డి మీద పడతాయి, గొర్రె మేస్తుంది, దాని మెదడులో నీటి బుడగ పెరుగుతుంది. ఆ గొర్రె తలను పచ్చిగా కుక్కకు వేస్తే చక్రం మళ్లీ మొదలు. ఇంకో బద్దెపురుగు గొర్రె కార్జంలో, ఊపిరితిత్తుల్లో నీటితిత్తులుగా పెరిగి, అవి తిన్న కుక్క ద్వారా మనుషులకూ అంటుతుంది. మనిషి కార్జంలో పెరిగిన ఆ తిత్తిని తీయాలంటే ఆపరేషన్ కావాల్సిరావచ్చు.

అందుకే యాట కోసిన చోట పనికిరాని పేగు, తిత్తులున్న కార్జం, తలకాయ కుక్క ముందు పచ్చిగా పడకూడదు. బాగా ఉడికించి పెట్టాలి, లేదా లోతుగా పూడ్చాలి. చచ్చిన గొర్రెను చెరువు గట్టున వదిలేయడం మందకే చేటు. కుక్కకు పశువైద్యుడు చెప్పిన కాలానికి ప్రాజిక్వాంటెల్ ఉన్న పురుగుల మందు వేయించాలి. కుక్కకు చేసే ఈ ఖర్చు నిజానికి గొర్రెకూ, కాపరి పిల్లలకూ చేసినట్టే.

పచ్చిమాంసంలో సాల్మొనెల్లా వంటి సూక్ష్మజీవులుంటాయి. కుక్క తట్టుకున్నా, దాని గిన్నె కడిగే మనిషి తట్టుకోకపోవచ్చు. ఉడికిన బొక్కలతో ప్రమాదం వేరు. ఉడికితే అవి పెళుసుబారి సూదుల్లా చీలి గొంతులో, పేగులో గుచ్చుకుంటాయి. కూరలో మిగిలిన కోడి బొక్కలు కుక్కకు వేయడం మన ఇళ్లలో దయగా చేసే పొరపాటు. కార్జం మంచిదే గానీ రోజూ ఎక్కువగా పెడితే విటమిన్ ఎ మోతాదు మించుతుంది.

పెట్టకూడనివి

తోడేలు ముందు ఎన్నడూ పడనివి మన వంటింట్లో చాలా ఉన్నాయి. ఉల్లి, వెల్లుల్లి కుక్క ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. ఉడికినా ఆ గుణం పోదు. మన పులుసు, కూర, చారు అన్నింట్లోనూ అవి ఉంటాయి గనుక కుక్కకు తాలింపు వేయకముందే కొంత తీసి పెట్టడం ఉత్తమం. ద్రాక్ష, కిస్‌మిస్ మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. చాక్లెట్‌లోని థియోబ్రోమిన్, చక్కెర లేని చూయింగ్‌గమ్‌లో వాడే జైలిటాల్ ప్రాణం మీదికి తెస్తాయి. పెద్ద కుక్కకు పాలు చాలాసార్లు అరగవు, పెరుగు, పలుచని మజ్జిగ నయం. పల్లెల్లో ఎవరూ పట్టించుకోని విషం బూజు. తడిసి బూజు పట్టిన మక్కలు, పల్లీలు, చెక్క కుక్కకు పెడితే అందులోని అఫ్లాటాక్సిన్ దాని కార్జాన్ని నాశనం చేస్తుంది. మనం తినలేనిది కుక్క తింటుందన్న ఆలోచన ఇక్కడ నేరుగా చంపుతుంది.

సంచి తిండి

అంగట్లో దొరికే కుక్కల తిండికి ఆద్యుడు జేమ్స్ స్ప్రాట్. 1860లలో లండన్‌లో ఆయన గోధుమ, కూరగాయలు, మాంసం కలిపిన బిస్కెట్లు అమ్మాడు. నేటి సంచుల్లో పోషకాలు లెక్కగట్టి ఉంటాయి, అది పెద్ద సౌకర్యం. ధర మాత్రం పల్లె ఇంటికి భారం. పూర్వీకుల పేరు చెప్పి గింజ లేని రకాలూ వచ్చాయి, సంచి మీద తోడేలు బొమ్మతో సహా. వాటిలో చాలావాటికి గింజ బదులు బఠాణీ, పప్పులు, బంగాళాదుంప వాడతారు. అలాంటి తిండి తిన్న కుక్కల్లో గుండె కండరం సాగిపోయే జబ్బు కనిపిస్తోందని 2018 జులైలో అమెరికా ఆహార, ఔషధ సంస్థ విచారణ మొదలుపెట్టింది. కారణం ఇదేనని ఇంకా తేలలేదు. కానీ గింజ తీసేసినంత మాత్రాన అది తోడేలు తిండి అయిపోదు. తోడేలు బఠాణీలూ తినదు.

తల్లీ, కూనలు

తోడేలు తల్లి వేట నుంచి వచ్చి తాను మింగిన మాంసాన్ని పిల్లల ముందు కక్కుతుంది. మూతి నాకుతూ అడిగే పిల్లలకు అదే తొలి ముద్ద. ఊరకుక్కల్లోనూ కొన్ని తల్లులు ఇలా చేస్తాయి. చూసినవాళ్లు కుక్కకు జబ్బు చేసిందనుకొని అదిలిస్తారు. అదిలించకూడదు. కూనలు మూడు నాలుగు వారాల వయసులో గట్టి తిండి వైపు మొగ్గుతాయి, ఏడెనిమిది వారాలకు పాలు మానతాయి. ఆ నెల రోజుల్లో తల్లికి మామూలు కన్నా రెండు మూడు రెట్లు తిండి కావాలి. పెరిగే కూన తిండిలో మాంసకృత్తుల పాలు పెద్ద కుక్కకన్నా ఎక్కువ ఉండాలి, కాల్షియం తప్పనిసరి. పెద్దజాతి కూనలకు మాత్రం కాల్షియం మందులు సొంతంగా ఎక్కువ పోస్తే ఎముకలు వంకరగా పెరుగుతాయి. గంజిలో మెత్తగా చిదిమిన బువ్వ, ఉడికిన గుడ్డు, కొంచెం పెరుగు కలిపి గోరువెచ్చగా రోజుకు నాలుగుసార్లు పెట్టాలి. పక్కన ఎప్పుడూ శుభ్రమైన నీళ్ల మూకుడు ఉంచాలి. వేసవిలో రేగొండ ఎండకు ఆ మూకుడు మధ్యాహ్నానికే ఆరిపోతుంది, మళ్లీ నింపాలి.